బతికున్న లాప్‌టాప్‌కి కఫన్ ఎందుకు?



పోయిన నెల ఒక ఇత్వార్ పొద్దున్నే ఆపా ఫోన్ చేసింది. ఆపా మహబూబ్‌నగర్‌లో ఉంటుంది. సలామ్ చెప్పాక ఒక నిమిషం ఊరుకుని, "భాయ్, నా చెవుల కమ్మలు కుదువ పెడితే ఎంతొస్తదో ఎవరినన్నా అడిగి చెప్తవా? మీ దూల్హాభాయ్‌కి చెప్పకు" అంది.

నా దిల్ ధక్‌మంది. ఎవరికైనా తబియత్ ఖరాబైందేమో అనుకున్నా. కాదు, ఖరాబైంది లాప్‌టాప్. భాంజీ డిగ్రీ రెండో సాల్, కంప్యూటర్స్. తన అన్న కోసం 2018లో కొన్న లాప్‌టాప్‌నే వాడుకుంటోంది. స్విచ్ నొక్కితే తెరుచుకోడానికి ఐదు నిమిషాలు. వర్డ్ తెరవాలంటే ఇంకో రెండు నిమిషాలు. బజార్లో దుకాణానికి తీసుకెళ్తే ఆయన వెనక మూత కూడా తీయలేదట. "ఇది బూఢా అయిపోయిందమ్మా, దీని మీద పైసా పెట్టడం బేకార్. నయా తీసుకో, ఇఎంఐ చేసిస్తా" అన్నాడట.

"కమ్మలు తీయకు ఆపా, నేనొస్తున్నా" అన్నా.

ఆ రోజు చూసింది చూసినట్టు ఇక్కడ రాస్తున్నా. ఇది మా ఆపా ఒక్కదాని కహానీ కాదు. మీ ఖాందాన్‌లో కూడా ఇలాంటి లాప్‌టాప్ ఒకటి అల్మారీ మీద దుమ్ము పట్టి పడి ఉంటుంది. దాని బదులు కొన్న కొత్తదాని వాయిదాలు ఇంకా నడుస్తుంటాయి.

సూద్ లేదన్నాడు, హిసాబ్ అడిగా

భాంజీని వెంటబెట్టుకుని అదే దుకాణానికి వెళ్లా. దుకాణం పేరు చెప్పను, అలాంటివి ప్రతి బజార్‌లో పది ఉంటాయి. దుకాన్‌దార్ మంచి అఖ్లాఖ్ ఉన్న మనిషే, చాయ్ కూడా తెప్పించాడు. కొత్త లాప్‌టాప్ చూపించి, "నెలకు 3,500 సాబ్, పన్నెండు నెలలు. జీరో ఇంట్రెస్ట్. సూద్ కా సవాల్ హీ నహీ" అన్నాడు. మన గడ్డాలు, మన బురఖాలు చూసి ఈ చివరి మాట ప్రత్యేకంగా చెప్తారు, గమనించారా?

"నఖద్ ఇస్తే ఎంత?" అని అడిగా.

"నఖద్ అయితే 39,500కి ఇచ్చేస్తా సాబ్."

భాంజీ ఫోన్ తీసి లెక్క వేసింది. నెలకు 3,500 చొప్పున పన్నెండు నెలలు, 42,000. నఖద్‌కీ దీనికీ ఫర్క్ 2,500. పైన ప్రాసెసింగ్ ఫీజు వేరే. "మామూ, జీరో అన్నరు కదా, మరి ఈ 2,500 ఎవరిది?" అంది. దుకాన్‌దార్ నవ్వి చాయ్ తాగమన్నాడు.

జవాబ్ నేను చెప్తా. ఆ డబ్బు అప్పు ఇచ్చినవాడిది. నఖద్ మనిషికి దొరికే డిస్కౌంట్ మీకు దొరకదు, అది వడ్డీ కింద ఫైనాన్స్ కంపెనీకి పోతుంది. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ కూడా మీ బిల్లులో పడుతుంది. ఇది నా ఇల్జామ్ కాదు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, అలాంటి పేరుతో వడ్డీని దాచే స్కీములు నడపొద్దని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత స్కీముల పేరు "నో కాస్ట్" అని మారింది.

వాయిదాల మీద అమ్మేవాడు ముందే ఒక ధర ఖాయం చేసి, నఖద్ కంటే ఎక్కువకి అమ్మితే జాయజ్ అని చెప్పే ఉలమా ఉన్నారు. ఆ సూరత్ వేరు. ఇక్కడ మధ్యలో మూడోవాడు అప్పు ఇస్తున్నాడు, వాయిదా ఆలస్యమైతే జుర్మానా వేస్తున్నాడు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. సంతకం పెట్టే ముందు మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ని ఒక్కసారి అడగండి. కానీ అంతకన్నా ముందు ఇంకో సవాల్ అడగండి. అసలు ఈ ఖర్జా జరూరత్ ఉందా?

మర్జ్ ఒకటి, ఇలాజ్ ఇంకొకటి

ఇంటికొచ్చి లాప్‌టాప్ ఆన్ చేశాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మీరూ మీ ఇంట్లో చేసి చూడండి. అందులో ప్రాసెసర్ పది, పదిహేను శాతం దగ్గర హాయిగా కూర్చుంది. డిస్క్ మాత్రం వంద శాతం దగ్గర ఎర్రగా కాలిపోతోంది. మొత్తం మర్జ్ అక్కడుంది. మెదడు ఖాళీగా ఉంది, కాళ్లు నడవట్లేదు.

ఆ లాప్‌టాప్‌లో ఉన్నది హార్డ్ డిస్క్. లోపల గ్రామఫోన్ రికార్డులాంటి పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటుంది. దాని మీద సూదిలాంటి చెయ్యి అటూ ఇటూ కదిలి, కావలసిన చోటు వెతికి చదువుతుంది. ఒక్కో చోటికి చేరడానికి సుమారు 15 మిల్లీ సెకండ్లు. అంటే సెకండ్‌కి అరవై, డెబ్బై చోట్లు, అంతే. విండోస్ తెరుచుకోవాలంటే వేలకొద్దీ చిన్నచిన్న ఫైళ్లు వేర్వేరు చోట్ల నుంచి తేవాలి. పాపం ఆ చెయ్యి ఎంతని పరుగెత్తుతుంది? ఈ తిరిగే పళ్లెం తరీఖా ఐబిఎం 1956లో తెచ్చినది. పళ్లెం చిన్నదైంది, జాగా పెరిగింది, కానీ తిరగడం, వెతకడం తప్పలేదు.

సాలిడ్ స్టేట్ డ్రైవ్, అంటే ఎస్ఎస్‌డి, దీంట్లో తిరిగేది ఏదీ లేదు. అంతా చిప్. మీ ఫోన్‌లో ఉండే మెమరీ జాతే. జపాన్‌లో తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ నుంచి వచ్చింది. ఇక్కడ ఒక చోటు వెతకడానికి మిల్లీ సెకండ్‌లో పదో వంతు చాలు. అందుకే అదే ప్రాసెసర్, అదే స్క్రీన్, అదే కీబోర్డు ఉన్నా లాప్‌టాప్ వేరే మనిషిలా లేస్తుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అంటాం కదా, అక్కడి నుంచి 240 జీబీ సాటా ఎస్ఎస్‌డి తెచ్చా. బిల్లుతో 1,900. ధర ఎక్కువ తక్కువ అవుతుంటుంది, మీరు వెళ్లినప్పుడు ఇంకోలా ఉండొచ్చు. మా గల్లీలో ఫోన్లు బాగుచేసే కుర్రాడు 300 తీసుకుని, స్క్రూలు విప్పి, పాతది తీసి కొత్తది బిగించాడు. ఇరవై నిమిషాల పని. రెండున్నర అంగుళాల పాత డిస్క్ ఉన్న చోట అదే సైజు ఎస్ఎస్‌డి కూర్చుంటుంది, అదే కనెక్టర్.

మొత్తం 2,200. ఇప్పుడు పైన చెప్పిన ఫర్క్ మళ్లీ చూడండి. ఆ "సూద్ లేని" ఇఎంఐలో దాచిన 2,500 కంటే ఇది తక్కువ. కొత్త లాప్‌టాప్ ధర మాట వదిలేయండి, దాని సూద్ పైసలతోనే పాతది బాగైపోయి, చాయ్‌కి మూడొందలు మిగిలాయి.

ఐదు నిమిషాలు పట్టేది ఇప్పుడు అర నిమిషం లోపే తెరుచుకుంటోంది. భాంజీ మూడుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసి చూసింది, యకీన్ కుదరక.

మరమ్మత్ అంటే మనకెందుకు షరమ్?

నా గుస్సా దుకాన్‌దార్ మీద అంతగా లేదు. అతని పని అమ్మడం. కొత్తది అమ్మితే కమీషన్, డిస్క్ మారిస్తే మూడొందలు. గుస్సా మన మీద.

మన బస్తీల్లో చూడండి. బండి బాగుచేసేది మనవాళ్లు, గడియారాలు బాగుచేసేది మనవాళ్లు, గిన్నెలకు కళాయి పోసింది, కుట్టు మిషన్లకు నూనె వేసింది, ఫ్రిజ్‌కి గ్యాస్ నింపేది, ఫోన్ డిస్‌ప్లే మార్చేది మనవాళ్లు. పాతదాన్ని బతికించడం మన హునర్, తరతరాల రోజీరోటీ. ఊరందరి సామాన్లు బాగుచేసి పొట్టపోసుకునే మనమే మన ఇంట్లో సామాను దగ్గరకొచ్చేసరికి "పాతది బేకార్, ఇజ్జత్ పోతుంది" అంటాం. ప్రవక్త (స) తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని, బట్టలు తానే కుట్టుకునేవారని చిన్నప్పటి నుంచి బయాన్లలో వింటున్నాం. విని సుబ్హానల్లాహ్ అని, బయటికొచ్చి పని చేసే లాప్‌టాప్‌ని కబాడీవాడికి తూకం వేస్తున్నాం. ఇస్రాఫ్ అంటే దావత్‌లో పారేసిన బిర్యానీ ఒక్కటే అనుకుంటున్నామా?

ఇంకో మాట. శాదీలో అబ్బాయికి లాప్‌టాప్, కాలేజీలో చేరితే లాప్‌టాప్, పక్కింటివాళ్లు కొన్నారు కాబట్టి లాప్‌టాప్. ఇది ఇల్మ్ కోసం కాదు, దిఖావా. ఇల్మ్ కోసం అయితే లోపల ఏముందో ఒక్కసారైనా చూసేవాళ్లం.

ఎత్‌రాజ్‌లకు జవాబ్

నాకు తెలుసు, చాలామంది ఎదురు చెప్తారు. చెప్పాలి కూడా.

"పాతదానికి విండోస్ 11 రాదు కదా భాయ్?" సచ్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని చెప్పింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైన ప్రాసెసర్ కావాలి. భాంజీది ఆరో తరం. బాగా నడిచే మిషన్‌ని ఒక కంపెనీ ఒక తారీఖు వేసి ముర్దా అని చెప్పడం జుల్మ్ కాకపోతే ఏమిటి? మేం లినక్స్ మింట్ వేశాం. ముఫ్త్. నాలుగు జీబీ ర్యామ్‌లో నడుస్తోంది. తెలుగు, ఉర్దూ రెండూ టైప్ అవుతాయి. లిబ్రేఆఫీస్‌లో కాలేజీ ఫైళ్లు తెరుచుకుంటాయి, పైథాన్ నేర్చుకోడానికి అంతకన్నా మంచి జాగా లేదు. అయితే ఒక హెచ్చరిక. ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లు, అకౌంట్స్ ప్యాకేజీలు కొన్ని విండోస్ మీదే నడుస్తాయి. పిల్లలకి అవి కావాలేమో ముందే కాలేజీలో కనుక్కోండి.

"ఎస్ఎస్‌డి వేస్తే అన్నీ బాగవుతాయా?" కావు. బ్యాటరీ చస్తే బ్యాటరీ మార్చాలి. మదర్‌బోర్డు కాలితే వేరే కథ. హింజ్ విరిగితే వేరే ఖర్చు. వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్ చేసే పిల్లాడికి పదేళ్ల ప్రాసెసర్ సరిపోదు, వాడికి కొత్తది జరూరత్, దిఖావా కాదు. ర్యామ్ రెండు జీబీ అయితే ముందు ర్యామ్ పెంచాలి. డీడీఆర్3, డీడీఆర్4 వేర్వేరు, ఒకదాని చోట ఒకటి పట్టదు. నేను చెప్పేది ఇంతే. చదువుకీ, ఇంటర్నెట్‌కీ, ఆఫీస్ పనికీ వాడే మిషన్ నెమ్మదిస్తే, హార్డ్ డిస్క్ ఉందేమో ముందు చూడండి. కొన్నిట్లో ఇప్పటికే ఎస్ఎస్‌డి ఉంటుంది, వాటికి ఈ ఇలాజ్ పనిచేయదు.

"ఆన్‌లైన్‌లో రెండు టీబీ ఎస్ఎస్‌డి వెయ్యికే ఉంది కదా?" అది ధోకా. లోపల చిన్న మెమరీ పెట్టి, పెద్దదని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేలా చేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, నిండాక మీ ఫోటోలు గాయబ్. తెలిసిన కంపెనీది, వారంటీ కాగితంతో, చిన్నదైనా అసలుది కొనండి. ఎం.2 అనే చిన్న పట్టీలాంటివి కూడా వస్తాయి. వాటిలో సాటా వేరు, ఎన్‌వీఎంఈ వేరు. మీ లాప్‌టాప్ ఏది తీసుకుంటుందో చూసుకోకుండా కొంటే పైసలు పోతాయి.

"ఎస్ఎస్‌డి ఖరాబ్ కాదా?" అవుతుంది. హార్డ్ డిస్క్ పోయే ముందు టిక్ టిక్ అని మూలుగుతుంది చాలాసార్లు. ఎస్ఎస్‌డి ఏ చప్పుడూ లేకుండా ఒక పొద్దున పోవచ్చు. అందుకే ముఖ్యమైనవి రెండో చోట కూడా ఉంచండి. దానికి కొత్త ఖర్చు అక్కర్లేదు. తీసిన పాత హార్డ్ డిస్క్‌ని కొన్ని వందలకు దొరికే యూఎస్‌బీ కేసింగ్‌లో పెడితే బ్యాకప్ డ్రైవ్ అయిపోతుంది. నెలకోసారి కాపీ చేసి బీరువాలో పెట్టండి.

పాత డిస్క్ అమానత్

ఆ పాత డిస్క్ గురించి బహెన్లకు ఖాస్‌గా ఒక మాట. దుకాణంలో డిస్క్ మార్పిస్తే పాతది అడిగి వెనక్కి తెచ్చుకోండి. "మాకిచ్చేయండి, వంద తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి. అందులో ఇంటి శాదీల ఫోటోలు, ఆడపిల్లల ఫోటోలు, ఆధార్, బ్యాంకు కాగితాలు ఉంటాయి. డిలీట్ నొక్కితే పోయాయనుకుంటాం. పోవు, తెలిసినవాడు తిరిగి తీస్తాడు. ఇంట్లో మనం పాటించే పర్దా దుకాణం బల్ల మీద వదిలేసి రావద్దు. లాప్‌టాప్ మొత్తంగా అమ్మేయాలన్నా, డిస్క్ తీసి మీ దగ్గర ఉంచుకోండి, లేదా పూర్తిగా చెరిపించి ఇవ్వండి.

పారేసినది ఎవరి ఊపిరిలోకి పోతుంది?

కబాడీకి వేసిన లాప్‌టాప్ గాయబ్ కాదు. ఢిల్లీలో సీలంపూర్ అని ఒక బస్తీ ఉంది. దేశం నలుమూలల నుంచి పాత కంప్యూటర్లు అక్కడ చేరతాయి. చేతులతో పగలగొట్టి, వైర్లు కాల్చి, ఆసిడ్‌లో ముంచి రాగి తీస్తారు. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మన గరీబ్ ముస్లిములు, ఆడవాళ్లు, పిల్లలు కూడా. ఉత్తరప్రదేశ్‌లో మురాదాబాద్ ఒకప్పుడు ఇత్తడి పనికి మషహూర్, పీతల్ నగరీ అనేవాళ్లు. ఆ ఊళ్లో రామ్‌గంగా ఒడ్డున సర్క్యూట్ బోర్డులు కాల్చి, బూడిద నూరి, నదిలో కడిగి లోహం ఏరారు. సీసం, కాడ్మియం లాంటి విషాలు ఆ నీళ్లలో, ఆ మట్టిలో కలిశాయి. ఇత్తడి మీద నక్షీ చెక్కిన హునర్ ఉన్న ఊరు బూడిద జల్లించే ఊరైంది.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది అందులో నాలుగో వంతు కూడా లేదు. మిగతాది ఎక్కడో ఒక సీలంపూర్‌కి పోతుంది. పాలమూరులో మనం దిఖావా కోసం పారేసింది అక్కడ ఒక బచ్చా ఊపిరితిత్తుల్లో దిగుతుంది. ఇందులో మన జిమ్మేదారీ ఏమీ లేదా?

కంపెనీల హిసాబ్ కూడా అడగాలి

అంతా మన తప్పే అనను. ఈ మధ్య వచ్చే సన్నని లాప్‌టాప్‌లు కొన్నిట్లో ర్యామ్‌నీ, మరికొన్నిట్లో స్టోరేజ్‌నీ కూడా బోర్డు మీదే అతికించేస్తున్నారు. స్క్రూడ్రైవర్‌తో మార్చే దారి మూసేశారు. ఒక చిప్ పోతే మొత్తం బోర్డు మార్చాలి. భాంజీ లాప్‌టాప్ బాగైంది ఎందుకంటే 2018లో దాన్ని తయారుచేసినవాడు మూత తెరిచే దారి ఉంచాడు.

ఫ్రాన్స్‌లో 2021 నుంచి లాప్‌టాప్‌ల మీద అది ఎంత సులువుగా మరమ్మత్ అవుతుందో పదికి మార్కులు వేసి చూపించాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో మరమ్మత్ హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే, కానీ పోర్టల్‌తో పని జరగదు, గట్టి కానూన్ కావాలి. అది వచ్చేదాకా మన చేతిలో ఒక ఆయుధం ఉంది. కొత్తది నిజంగా కొనాల్సి వస్తే దుకాణంలో రెండు సవాళ్లు అడగండి. "ర్యామ్ మార్చుకోవచ్చా? డిస్క్ మార్చుకోవచ్చా?" కాదంటే లేచి ఇంకో దుకాణానికి వెళ్లండి. రంగు, సన్నదనం చూసి కొనే ఆదత్ మానితే కంపెనీలకు అదే పెద్ద కానూన్.

ఆఖరి గుజారిష్

మొహల్లాలో డిగ్రీ చదివే కుర్రాళ్లకు చెప్తున్నా. ఒక చిన్న స్క్రూడ్రైవర్ సెట్ కొనుక్కోండి. బ్యాటరీ విప్పాక పని మొదలుపెట్టండి, ఏ స్క్రూ ఏ చోటిదో కాగితం మీద గీసుకోండి, తొందరపడకండి. ఒక ఇత్వార్ మస్జిద్ పక్కన కూర్చుని బస్తీలో ఉన్న పాత లాప్‌టాప్‌లు అన్నీ తెప్పించి చూడండి. పదిలో మూడు బతికినా ముగ్గురు అమ్మీల గాజులు, కమ్మలు ఇంట్లోనే ఉంటాయి. మదర్సా పిల్లలకు రెండు ఇచ్చినా సదఖా.

పెద్దలకు చెప్తున్నా. "పాతది బేకార్" అని దుకాన్‌దార్ అంటే, "మూత తీసి చూపించు" అనండి. అంతే. ఆ ఒక్క మాటతో సగం ఖర్జాలు ఆగిపోతాయి.

నేను తిరిగొచ్చేటప్పుడు ఆపా గేటు దాకా వచ్చింది. భాంజీ లోపల ఏదో టైప్ చేస్తోంది, ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆపా చెవుల్లో కమ్మలు అలాగే ఉన్నాయి. దూల్హాభాయ్‌కి ఈ ముచ్చట ఏదీ తెలియదు. తెలియాల్సిన జరూరత్ కూడా రాలేదు, అల్‌హమ్దులిల్లాహ్.